మూడు గ్లాసుల నీళ్ళు

టీవీలో పందుల జ్వరం అని చెప్పిన ఏడు, మా మరిది హైదరాబాదులో తాపీ పని వదిలి వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊరికి వచ్చేశాడు. గుమ్మంలోనే నాలుగు తుమ్ములు తుమ్మాడు.

"పట్నం నుంచి ఏటి తెచ్చినావురా అంటే, తుమ్ములు తెచ్చినావా" అన్నాడు మా ఆయన. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చేపల పులుసు తిన్నారు.

మరిది నాలుగు రోజులు జ్వరంతో పడుకుని లేచాడు. తర్వాత నాకు వచ్చింది. జీడిపప్పు పొట్టు తీసే పనికి పోతూనే ఉన్నాను, జ్వరం దానంతటదే పోయింది. ఆఖరున ఆయనకు.

ఆయనకు అప్పటికి రెండేళ్ళుగా కిడ్నీ జబ్బు. రోజుకు మూడు గ్లాసుల నీళ్ళే అని డాక్టరు చెప్పారు. మా ఊళ్ళో అలాంటి వాళ్ళు చాలామంది. ఎవరికి ఆయాసం వచ్చినా నీళ్ళు ఎక్కువయ్యాయనే అంటాం, ఇంకో జబ్బు ఉంటుందని తోచదు. ఆయన రొప్పుతుంటే నేను మూడు గ్లాసుల్ని ఒకటిన్నర చేశాను.

"నోరెండిపోతంది. కూసిన్ని నీళ్ళియ్యే."

"నీళ్ళెక్కువై గదా ఆయాసం. ఓర్సుకో మావా."

"డాక్టరమ్మవైపోనావు" అని నవ్వబోయాడు. దగ్గు నవ్వనివ్వలేదు.

కాళ్ళు నొక్కి చూశాను. వాపు లేదు. వాపు లేకుండా ఆయాసం ఎందుకని అడగాల్సిన దాన్ని, నీరు తీసిందని సంతోషించాను.

మూడో రోజు పెదాలు నల్లబడ్డాయి. నేనూ మరిదీ ఆటోలో పలాస తీసుకుపోయాం, అక్కడి నుంచి శ్రీకాకుళం. డాక్టరు ఛాతీ ఎక్స్‌రే చూశారు.

"ఇది కిడ్నీ నీరు కాదమ్మా. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా?"

"మా ఇద్దరికీ వచ్చి పోయిందండి."

"మీకు పోతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళకు అంత తేలిగ్గా పోదు. మొదటి రోజే తేవాల్సింది."

మరిది గోడవైపు తిరిగాడు.

నర్సు తడి దూదితో ఆయన పెదాలు అద్దింది. దూది తీసేస్తుంటే ఆయన నాలుక దాని వెంట వచ్చింది. ఆ సాయంత్రమే పోయాడు.

ఊళ్ళో అందరూ కిడ్నీయే తీసుకుపోయిందన్నారు. మరిది నావైపు చూశాడు. అవునన్నాను.

నెల తర్వాత వాకిట్లో కూర్చుని అడిగాడు. "వదినా, నాను రాకపోతే అన్న బతికీవోడేటి?"

"నాకేటి తెలుసు. ఎండలో వొచ్చినావు, నీళ్ళు తాగు" అన్నాను. చెంబు నిండా ముంచి ఇచ్చాను.