పళ్ళతో లాగిన ముడి

దెయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. మా వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందనేవాళ్ళు. గాలీ లేదు, ధూళీ లేదు, దోమ కుట్టిందని నేను దెబ్బలాడేదాన్ని. ఇప్పటికీ దెబ్బలాడతాను. అలాంటిదాన్ని ఈ సంగతి నా నోటితో నేనే చెప్పాల్సి రావడం నాకే చిత్రంగా ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది అనకాపల్లి. చెరుకు పండించి బెల్లం వండుకునే కుటుంబం. పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన రంగూన్ రేవులో మూటలు మోసే పనికి వెళ్ళాడు. రంగూన్ని మేం రంగం అంటాం. అప్పట్లో మా వైపు మగవాళ్ళు ఇంటికొకరైనా రంగంలో ఉండేవారు. యుద్ధం వచ్చి అక్కడ బాంబులు పడ్డాక, ఓడ దొరకనివాళ్ళు కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. మా ఆయనా అలాగే వచ్చాడు. మనిషి వచ్చాడు గానీ మాట రాలేదు.

పెట్టింది తినడు, కన్ను మూయడు. ఎప్పుడు చూసినా పొలంలో నూతి గట్టు మీదే. ఒకరోజు ఆ నూతిలోకి వంగిపోతుంటే నేనే వెనకనుంచి పంచె పట్టుకుని లాగాను. అప్పటినుంచి నేనో, మా మామగారో ఆయన్ని కనిపెట్టుకునే ఉన్నాం. చేతులు ఏ పని చేస్తున్నా నా ప్రాణం ఆ నూతి దగ్గరే ఉండేది.

"అడివిలో సచ్చినోడెవుడో ఈడి మీద కూకున్నాడే" అని మా అత్తగారు భూతవైద్యుణ్ణి పిలిపించింది. అతను వేపమండలు ఎత్తాడు, నేను చీపురు ఎత్తాను. ఎవరి చేతిలోది గట్టిదో అతనికి తొందరగానే అర్థమైంది.

"ఆయనకి మనసు బాగోలేదు, దెయ్యమూ లేదు గియ్యమూ లేదు" అన్నాను.

"అయితే నువ్వే బాగుసేయించు, సూత్తాను" అంది అత్త.

నాకు రోషం వచ్చింది. ఆయన్ని అత్తకి అప్పగించి, మామగారిని వెంటబెట్టుకుని విశాఖపట్నంలో పిచ్చాసుపత్రికి బయల్దేరాను.

బెల్లం చేతిలో ఉంటే తెరుచుకోని తలుపు లేదని మా ఊరివాళ్ళ నమ్మకం. కోర్టుకి వెళ్ళినా, పెళ్ళిచూపులకి వెళ్ళినా చంకలో ఓ దిమ్మ ఉండాల్సిందే. మామగారు మేలురకం దిమ్మ ఒకటి గోనెగుడ్డలో చుట్టి, తాడుతో కట్టి తెచ్చి డాక్టరుగారి బల్ల మీద పెట్టారు. దాంతో మంచం దొరికినట్టేనని ఆయన ధీమా. డాక్టరు నవ్వి, చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుని, మిగతాది మా చేతికే ఇచ్చేశాడు. మంచివాడు. మేం చెప్పిందంతా విన్నాడు. మంచాలు మాత్రం ఖాళీ లేవన్నాడు. పట్నంలో ఇల్లు తీసుకుని రోజూ తీసుకొస్తే చూస్తానన్నాడు. పట్నంలో కాపురం పెట్టే స్తోమత మాకెక్కడిది? "ఒంటరిగా వదలకండి. ఆయన మాట వినే మనిషి దొరికితే, ఆ మనిషి దగ్గర కూర్చోబెట్టండి" అని చెప్పి పంపాడు.

వరండాలోకి వచ్చాక నాకు ఏడుపు ఆగలేదు. చేతిలో మూట జారి విప్పుకుపోయింది. మామగారు నాకు మంచినీళ్ళు తేవడానికి వెళ్ళారు. పట్టపగలు, చుట్టూ జనం. గోడకి చేరబడి కూర్చున్న ఒక మనిషి లేచి నా దగ్గరికి వచ్చాడు. ఒంటి మీద తువ్వాలు, పగిలిపోయిన పాదాలు.

"ఏడవకు సెల్లెమ్మా. అనకాపల్లిలోనే, బెల్లం బజారు ఎనకాల దూదేకే దస్తగిరి ఉన్నాడు. రంగం నుంచి నడిసొచ్చినోళ్ళని పక్కన కూకోబెట్టుకుంటాడు. డబ్బులడగడు. మీ ఆయన్ని ఆడి దగ్గరికి తీసుకెల్లు."

అంటూనే మూట కట్టిపెట్టాడు. ఒక చెయ్యి తువ్వాలు లోపలే ఉంచుకుని, తాడు కొస పళ్ళతో పట్టి లాగాడు. తినే బెల్లం మీద నోరు పెడతాడేమిటని చిరాకేసింది. మామగారు నీళ్ళు తెచ్చేసరికి అతను లేడు. మా ఊరు, మా ఆయన సంగతి అతనికెలా తెలుసని రైలెక్కాక గానీ తట్టలేదు. డాక్టరు గదిలో మాటలు విని ఉంటాడులే అనుకున్నాను.

ఇంటికి వచ్చి మూట మా ఆయన ముందు దింపాను. ఆయన దాని వంక చూసి, వేలితో ముడి తడిమాడు. రంగం నుంచి వచ్చాక మొదటిసారి నోరు విప్పాడు.

"ఈ ముడి ఎవులేసేరు?"

వరండాలో కనిపించిన మనిషి సంగతి చెప్పాను.

"పళ్ళతో లాగేడా?"

అవునన్నాను. ఆయన మూటని గుండెకి హత్తుకుని భోరుమన్నాడు. ఆ ఏడుపు వింటుంటే నాకు సంతోషమేసింది, ఏం దాచుకోను?

అప్పుడు చెప్పాడు. ఎలమంచిలి సన్యాసి ఆయనకి రేవులో జతగాడు. చిన్నప్పుడు చెరుకు గానుగలో నలిగి సన్యాసి ఎడమచేతి వేళ్ళు పోయాయి. అందుకని ముడి పళ్ళతో లాగి వేసేవాడు. ఆ ముడి కొయ్యాల్సిందే తప్ప విప్పడం రేవులో ఎవరికీ చేతనయ్యేది కాదట. వచ్చే దారిలో సన్యాసికి విరేచనాలు పట్టుకున్నాయి. "నువ్వు నడు బావా" అన్నాడట. ఈయన నడిచాడు. కొంత దూరం పోయాక మనసొప్పక వెనక్కి వస్తే, అప్పటికే ప్రాణం పోయింది. ఆకులు కప్పి వచ్చేశాడు.

"ఆడు ఎల్లమన్నాడు కదా. పద" అని తనే లేచాడు.

దస్తగిరి తాత మా మాట విని తెల్లబోయాడు. "నా గురించి సెప్పిందెవులమ్మా? రంగపోళ్ళెవులూ నా గడప తొక్కనేదే!" అన్నాడు. అయినా పొమ్మనలేదు. మా ఆయన్ని ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "నా కొడుకూ అక్కడికే పోయేడు. జాడ లేదు. కూకో నాయినా. ఈ పత్తిలో గింజలేరతా, ఆ దారెలాగుంటాదో సెప్పు."

మా ఆయన రోజూ వెళ్ళేవాడు. తాత దూది ఏకుతూ వినేవాడు, ఈయన గింజలు ఏరుతూ చెప్పేవాడు. మెల్లగా అన్నం తిన్నాడు, నిద్రపోయాడు. చేపల పులుసులో ఉప్పు చాలలేదని కేకలేసిన రోజు నేను పెరట్లోకి వెళ్ళి దండం పెట్టుకున్నాను. తర్వాత నడిచి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఆ అరుగు మీద చేరారు. వరండాలో అతను చెప్పిన మాట, చెప్పిన తర్వాత నిజమైంది. డాక్టరుగారికి మంచి కబురు చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో అతని ఆనవాళ్ళు చెప్పి వాకబు చేశాను. చూశామన్నవాళ్ళు లేరు.

మూట మాత్రం ఆయన విప్పకుండా దూలానికి వేలాడదీశాడు. చీమలు పడుతున్నాయని మా అత్త కత్తి తీసినా ఆయన ముడి కొయ్యనివ్వలేదు. చివరికి ఒకరోజు ఆ మూట పట్టుకుని, నన్ను తోడు రమ్మని, ఎలమంచిలిలో సన్యాసి తల్లి దగ్గరికి వెళ్ళాడు. అంతా చెప్పాడు. తను ముందుకి నడిచిన సంగతీ దాచలేదు.

ముసలామె మూట ఒళ్ళో పెట్టుకుని ముడి తడిమి చూసింది. తాడు కొస పళ్ళతో పట్టి ఒక్క లాగు లాగింది. ముడి జారిపోయింది.

"గేదెను కట్టడానికి ఆడికి నానే నేర్పేను" అంది. బెల్లం ముక్క విరిచి మా ఆయన నోట్లో పెట్టింది. "తిను నాయినా. నడమన్నాడు, నడిసొచ్చేవు. తిను."

యుద్ధం అయిపోయింది, స్వతంత్రం కూడా వచ్చింది. ఆ ముడి ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. దెయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. ఆ రోజు సన్యాసి తల్లి నాకూ ఒక ముక్క అందించింది. ఎంగిలనుకోకుండా కళ్ళకద్దుకుని తిన్నాను.