అద్దం తిప్పింది ఎవరు?

ఒక అద్దం వల్ల నా ఆరునెలల కాపురం కూలిపోయేదంటే మీరు నమ్మరు. నమ్మేదాకా చెప్తాను, కూర్చోండి.

ఎనభైల చివర్లో సూర్యాపేటలో కొత్త కాపురం పెట్టాం. ఒకరిని విడిచి ఒకరం సినిమాకు పోకూడదని నేనూ మా ఆవిడ సుజాతా ఒట్టు వేసుకున్నాం. ఆమె కోదాడలోని పుట్టింటికి పోయిన మూడోరోజే నేను మ్యాట్నీలో ఉన్నాను. చిన్నప్పుడు కళ్లముందే తల్లి పోతే, ఆ దెబ్బ మనసులోనే ఉండి, పెద్దయ్యాక మెల్లగా మతి చెదిరే మనిషి కథ అది. అందులో డాక్టరు ఒక పరీక్ష చెప్తాడు. ఇంట్లో అద్దాన్ని గోడవైపు తిప్పిపెట్టాలి. బాగున్న మనిషి 'ఎవరు తిప్పారు' అని అడుగుతాడు. మతి జారుతున్న మనిషి మాత్రం ఏమీ అడగకుండా సరిచేసి పోతాడు.

ఇక నాకు లోకంలో అందరి మీదా అనుమానమే. చాయ్ పోసిన మనిషిని కూడా తేరిపార చూశాను.

సుజాత తిరిగొచ్చింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. నేను అన్నం కలుపుతుంటే నా వేళ్ల వంకే చూసేది. నిజం చెప్తున్నాను, భయమేసింది. మర్నాడు అద్దం తిప్పిపెట్టి పేపరు చాటున కూర్చున్నాను. ఆమె వచ్చి అద్దాన్ని చూసింది, నన్ను చూసింది, కిక్కురుమనకుండా సరిచేసి పోయింది. ఆ మర్నాడు గడ్డం గీసుకోబోతే అద్దం మళ్లీ గోడవైపు ఉంది. ఈసారి నేను తిప్పలేదు. పాపం, ఆమెను బెదరగొట్టడం ఎందుకని నేనూ నోరెత్తకుండా సరిచేశాను. వంటింటి గడపలో ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

మిర్యాలగూడలో ఇలాంటివాటికి మందిచ్చే డాక్టరు ఉన్నాడని విన్నాను.

"నాకు తలనొప్పి లేస్తున్నది. మిర్యాలగూడ దవాఖానకు పోదాం, తోడు వస్తవా?"

"వస్తాను. నేనే అందామనుకుంటున్నాను."

ఇంత తొందరగా ఒప్పుకోవడం కూడా రోగలక్షణమే అనుకున్నాను. బస్సులో దారిపొడుగునా ఆమె నా చెయ్యి వదల్లేదు.

ఆమెను బయట కూర్చోబెట్టి, లోపలికి పోయి డాక్టరుకు సినిమాలో చూసిన పరీక్షా, ఇంట్లో అద్దం సంగతీ అంతా చెప్పాను. ఆయన నన్ను బయటికి పంపి ఆమెను పిలిచాడు. కాసేపటికి ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, "మీరిద్దరు ఒకటే కథ చెప్తున్నరు. గా సినిమా ఏడ సూసిండ్రు?" అన్నాడు.

"సూర్యాపేటల," అన్నాను నేను. "కోదాడలో, మా చెల్లితో," అంది ఆమె. రెండు మాటలూ ఒకేసారి బయటపడ్డాయి.

సుజాత మెల్లగా నా వైపు తిరిగింది. "మీకు మతి పోయిందనుకుని కూడా సర్దుకుపోదామనుకున్నాను. నన్ను వదిలి సినిమాకు పోయారా?"

నువ్వూ పోయావుగా అని నోటిదాకా వచ్చింది. కానీ నా మతి బాగానే ఉంది కనుక ఆ మాట అనలేదు.

ఆ రోజే అద్దానికి నాలుగు వైపులా మేకులు కొట్టాను. దాని ముందు నిలబడి ప్రమాణం కూడా చేశాను. ఇక ఈ జన్మలో ఎంత మతి పోగొట్టే సినిమాకైనా సుజాతను వెంటబెట్టుకునే పోతాను. పోతే ఇద్దరి మతీ ఒకేసారి పోవాలి.