ఎనిమిది నెలల పెద్దరికం

మా బడి రిజిస్టరు ప్రకారం మా ఊళ్ళో సగంమంది జూన్ నెలలో పుట్టారు. అందులోనూ ఒకటో తారీఖున పుట్టినవాళ్ళే ఎక్కువ. ఎవరైనా పైనుంచి వచ్చి ఆ పుస్తకం తిరగేస్తే, ఈ ఊరి ఆడవాళ్ళంతా కూడబలుక్కుని కన్నారా అనుకోవాలి. అదేం లేదు. బళ్ళో చేరే నాటికి పిల్లకి అయిదేళ్ళు నిండాలి, బడి తెరిచేది జూన్‌లో, కనక మాస్టారు వెనక్కి లెక్కవేసి ఒక తారీఖు రాసేస్తాడు. మా నాన్నగారూ బడిపంతులే. ఆయనా రాశారు, నేనూ రాశాను. నాకైతే ఆయన ఏకంగా ఏడాదిన్నర తగ్గించి రాశారు. ఆ పుణ్యమా అని నేను ఏడాదిన్నర ఎక్కువ ఉద్యోగం వెలగబెట్టి రిటైరయ్యాను. అదొక తప్పని నాకెప్పుడూ తోచలేదు.

మాది నౌపడకి దగ్గర్లో ఊరు. ఉప్పు మడుల్లో పనికి వెళ్ళేవాళ్ళు ఎక్కువ. ఒక ఏడు బడి తెరిచిన వారానికి, ఇంకా వానలు పడకముందు, మడుల్లో పనిచేసే ఒకామె కూతుర్ని చంకనేసుకుని వచ్చింది.

"ఎండలో ఎంటేసుకుని తిరగనేకపోతన్నాను మాస్టారు బాబూ. బళ్ళో ఏసుకోండి. మద్యాన్నం ఇంత కూడు తింటాది" అంది.

పిల్లకి నాలుగేళ్ళు దాటి నాలుగు నెలలు. పంచాయతీ వాళ్ళిచ్చిన పుట్టిన కాగితం ఇంట్లో ఎక్కడో ఉందట, ఫిబ్రవరిలో పుట్టిందట. ఆ కాగితం తెమ్మని నేను అడగలేదు. అడిగితే చేర్చుకోవడం కుదరదు. పైగా ఆ ఏడు ఇంకో పిల్ల తగ్గితే మా బళ్ళో రెండో టీచరు పోస్టు ఎగిరిపోయేలా ఉంది. అంచేత మా నాన్నగారి పద్ధతి పెట్టాను. కుడిచెయ్యి తలమీదుగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోమన్నాను. చెవి అందితే బడి ఈడు వచ్చినట్టు. పిల్లకి అందలేదు. తల కాస్త వంచమన్నాను. అందింది. జూన్ ఒకటి అని రాసి, ఎనిమిది నెలలు పెద్దదాన్ని చేసి, ఒకటో తరగతిలో కూర్చోబెట్టాను.

చదువులో ఆ పిల్ల అంతంత మాత్రం. ఎక్కాలు చెప్పమంటే పన్నెండో ఎక్కం దగ్గర కిటికీలోంచి బయటికి చూసేది. పరుగు మాత్రం పరుగే. హైస్కూలుకి వెళ్ళాక డ్రిల్లు మాస్టారు ఫుట్‌బాల్ ఇచ్చాడు. స్టేషను పక్క ఖాళీ స్థలంలో రెండు వెదురు బొంగులు పాతి ఆడేవారు. మొదట మగపిల్లలతో, తర్వాత విజయనగరంలో జిల్లాల పోటీల్లో, ఆ తర్వాత రాష్ట్రం జట్టులో ఆడింది. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఒకరోజు తల్లి వచ్చి, "పిల్లని ఇండియా కేంపుకి పిలిసేరు బాబూ" అని చెప్పింది. ఇండియా అనే మాట ఆవిడ నోటివెంట ఏదో పక్క ఊరి పేరులా వచ్చింది. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. మా బడి పిల్ల! రెండు రోజులపాటు కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను, వినేవాళ్ళు విసుక్కున్నా వదల్లేదు.

చుట్టుపక్కల దేశాల అమ్మాయిల జట్లు నేపాల్‌లో ఆడే పోటీ అది. పదిహేడేళ్ళ లోపు వాళ్ళకి. ఫలానా జనవరి ఒకటి తర్వాత పుట్టినవాళ్ళే ఆడాలని నిబంధన. పిల్ల పుట్టింది ఆ జనవరి తర్వాత వచ్చిన ఫిబ్రవరిలో. నేను పుట్టించింది దానికి ముందు జూన్‌లో. ఆధార్‌లోకి కూడా బడి తారీఖే ఎక్కింది. క్యాంపులో పంచాయతీ కాగితమూ ఆధార్ కార్డూ పక్కపక్కన పెట్టి చూసి, ఏది నిజమో తేల్చుకుని రమ్మని పిల్లని ఇంటికి పంపేశారు. రైటు బ్యాకు స్థానం నీదే, కాగితం మాత్రం శనివారం సాయంత్రంలోగా మాకు చేరాలి అన్నారట.

సోమవారం పొద్దున్న ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ మా ఇంటికి వచ్చింది. నా దగ్గర చదువుకున్న అమ్మాయే. చేతిలో మడిచిన కాగితం ఒకటి ఉంది.

"ఆ తారీఖు మీరే అంచనాగా వేశారని రాసి సంతకం పెట్టండి మాస్టారూ. అది చాలు, మిగతాది నేను చూసుకుంటాను. పై అధికారుల సంతకాలకి, పంపడానికి నాలుగు రోజులు పడతాది" అంది.

రాస్తానన్నాను. ఆవిడ ఆ కాగితం నా చేతికిచ్చి, కాఫీ తాగి వెళ్ళిపోయింది.

రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు సూటిగా చెబుతాను. భయం వేసింది. తప్పు తారీఖు వేశానని నా చేత్తో నేను రాసిచ్చాక, ఎవరో ఒక పెద్దమనిషి ఆ రిజిస్టరు మొత్తం తిరగేస్తే? ఊరంతా జూన్‌లోనే ఎందుకు పుట్టిందని అడిగితే? అక్కడితో ఆగకుండా, ఇంతకీ ఈయన తారీఖు సంగతేమిటని తవ్వితే? పెన్షను ఆపేస్తారేమో అని సోమవారం అనుకున్నాను. మంగళవారం, ఆ అమ్మాయి ఇంకో దారి చూసుకుంటుందిలే అనుకున్నాను. బుధవారం ఏమీ అనుకోలేదు. అనుకోకుండా ఉండడం కూడా ఒక పనే, దానికీ ఒక రోజు పడుతుంది.

గురువారం సాయంత్రం మా ఆవిడ ఆ కాగితం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఏటండీ ఇది? పిల్లల చేత చూచిరాత రాయించినంత సేపు పట్టదు కదా, రాసి పడేస్తే!" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. కోపం ఆవిడ మీద కాదని ఆవిడకీ తెలుసు. గబగబా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయటికి పోయాను. శుక్రవారం పొద్దున్న లేచి స్నానం చేసి, పూజ కూడా చెయ్యకుండా కూర్చుని రాశాను. నాలుగు వాక్యాలు. అయిదు నిమిషాలు పట్టింది.

హెడ్‌మిస్ట్రెస్ ఆ రోజే టెక్కలి పరిగెత్తింది. శనివారం శ్రీకాకుళం వెళ్ళింది. పైసంతకం సోమవారం అయింది. అప్పటికి క్యాంపు వాళ్ళు జాబితా మూసేసి, ఇంకో అమ్మాయి పేరు రాసుకున్నారు. ఊళ్ళో అందరూ ఆఫీసుల్ని తిట్టారు. ఆఫీసుల పని ఎప్పుడూ ఇంతే అన్నారు. తల్లి కూడా అదే మాట అని ముక్కు చీదుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను, అవునన్నట్టు తలాడించాను కూడా. ఆ ఆఫీసువాళ్ళు పాపం ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు.

ఇప్పుడు పిల్ల తారీఖు అన్నిచోట్లా సరైంది. ఏం లాభం? వచ్చే పోటీ నాటికి నిజం వయసే దాటిపోతుంది. పై వయసు వాళ్ళ జట్టుకి ప్రయత్నించవచ్చునట, దానికి ఇరవయ్యేళ్ళ వాళ్ళతో తలపడాలి.

పోటీ మొదలయ్యాక పిల్ల ఫోనులోనే ఆటలు చూసుకుంటోందని తెలిసి, మా ఇంటికి వచ్చి పెద్ద టీవీలో చూడమని కబురు పెట్టాను. మధ్యాహ్నం మూడున్నరకి బంగ్లాదేశ్‌తో ఆట. పిల్ల పొద్దున్న పరుగుకి వేసుకునే నీలం చొక్కాతోనే వచ్చి కింద చాప మీద కూర్చుంది. మా ఆవిడ కుర్చీ వేస్తానంటే వద్దంది.

నాకు క్రికెట్టు తప్ప ఇంకో ఆట తెలియదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని అడిగితే మా ఇంటి గ్లాసులూ చెంబూ వరసగా పెట్టి చెప్పింది. ఎక్కాలు రాని పిల్ల ఇంత విడమరిచి చెప్పగలదని నాకు తెలియదు. ఆటలో మాత్రం ఆమె చూపంతా ఒక్కరి మీదే ఉంది. కుడిపక్క గోలుకి కాపు కాసే రైటు బ్యాకు, ఈమె బదులు వెళ్ళిన అమ్మాయి.

"కిందకి రాయే! ఎనక్కి సూసుకో, ఎనకమాల మనిసున్నాది!" అని అరిచింది.

ఆ అమ్మాయి వెనక్కి చూసుకోలేదు. ఆ పక్కనుంచే బంతి వచ్చి మన గోల్లో పడింది. పిల్ల నెత్తిమీద చేతులు పెట్టుకుంది. "దాని తప్పు కాదు మాస్టారూ. పోటీకి వారం ముందు కదా పిలిసేరు దాన్ని. మిగతావాళ్ళతో ఆట కుదరొద్దా?" అంది.

సగం ఆటకి విరామం ఇచ్చారు. మా ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఇక ఉండబట్టలేకపోయాను.

"అమ్మా, ఆ కాగితం నా దగ్గరికి సోమవారమే వచ్చింది. నేను శుక్రవారం దాకా రాయలేదు. ఆఫీసులది కాదు, తప్పు నాది. భయపడ్డాను" అన్నాను.

ఆమె టీవీ వైపే చూస్తోంది. అందులో ఏదో సబ్బు ప్రకటన వస్తోంది.

"తెలుసు మాస్టారూ" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు. బుధవారం పొద్దున్న నేను మీ ఇంటికొచ్చేను. మీరు వసారాలో కూకుని పేపరు సదువుతన్నారు. ఆ కాగితం మీ పక్కనే ఉన్నాది, మడత ఇప్పనేదు. గుమ్మం కాడ కాసేపు నిలబడ్డాను. మీరు తలెత్తనేదు. ఎల్లిపోయేను."

"అడగొచ్చు కదే!" నా గొంతు లేచింది. తప్పు చేసింది నేనైతే కేకలు వేసింది ఆమె మీద.

"ఏటని అడుగుతానండి? నన్ను బళ్ళో ఏసుకున్నది మీరే కదా. రాస్తార్లే అనుకున్నాను."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, దాన్ని పట్టుకుని ఏదో ఒకటి అనేవాడిని. అప్పటికే జట్లు మళ్ళీ మైదానంలోకి వచ్చేశాయి. "కూకోండి మాస్టారూ, మొదలెట్టేరు" అని ఆమె ముందుకి జరిగింది.

రెండో సగమంతా ఆమె ఆ రైటు బ్యాకుని పేరు పెట్టి పిలుస్తూ, ముందుకి పొమ్మని, వెనక్కి రమ్మని అరుస్తూనే ఉంది. మనవాళ్ళు ఒక గోలు వేసి సమం చేసినప్పుడు లేచి గెంతింది, మా ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. నేను ఆట చూడలేదు. ఆ బుధవారం పొద్దున్న, పిల్ల గుమ్మం దగ్గర నిలబడి ఉండగా, తలెత్తకుండా ఆ పేపర్లో అంతగా ఏం చదివానా అని గుర్తు తెచ్చుకుంటున్నాను. ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.