బాబాయి పతకానికి నాయనమ్మ దిష్టి

కొత్తగా విలేకరి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు ధైర్యం ఎక్కువని నాకు గట్టి నమ్మకం. (ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.) బ్రాడీపేట ఆఫీసులో మా ఎడిటరుగారు పిలిచి, "మీ బాబాయికి శౌర్యపతకం వచ్చిందట కదమ్మా. ఆయన నోటితోనే ఆ కథ చెప్పించుకురా. లేదంటే సోమవారం నుంచి రావక్కర్లేదు" అన్నారు. మా బాబాయి నౌకాదళంలో ఆఫీసరు. సముద్రపు దొంగలు కాల్పులు జరుపుతుంటే, మంటలంటుకున్న ఓడలోకి దిగి ముగ్గుర్ని బయటికి లాక్కొచ్చిన మనిషి. పొదిలి దగ్గర మా ఊరికి సెలవు మీద వచ్చాడు. నోటుపుస్తకం పట్టుకుని రెండు రోజులు ఆయన వెంట తిరిగాను. ఏమడిగినా "ఏముందమ్మా, డ్యూటీ" అనేవాడు. ఆ రెండు ముక్కలతో పేజీ ఎలా నిండుతుంది? ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

ఆదివారం పొద్దున మా నాయనమ్మ కొడుక్కి దిష్టి తీస్తానంది. వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, గుప్పెడు ఎండు మిరపకాయలు తిప్పి కుంపట్లో వేసింది. ఘాటు రాలేదు. రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. "ఊరి కళ్లన్నీ నీ మీదే పడ్డాయిరా" అంటూ మరో మూడు గుప్పెళ్లు వేసింది. (మిరప పండించే ఇంట్లో కాయలకు కరువా? నిప్పులు నివురుగప్పి ఉన్నాయని మాత్రం ఎవరికీ తట్టలేదు.) "చూస్తావేంటే, విసురు" అంది. నోటుపుస్తకంతో విసిరాను. నాలుగు గుప్పెళ్లూ ఒక్కసారే అంటుకున్నాయి.

అందరికంటే ముందు పరిగెత్తింది నేను. (బయటికొచ్చి తలుపు కూడా మూశాను.) తల్లి ముందే వెళ్లిపోయిందనుకుని, బాబాయి ఆ తలుపు తోసుకుని వచ్చాడు. దగ్గుతూ "అమ్మేదీ?" అన్నాడు. మరుక్షణం తువ్వాలు నీళ్ల తొట్టిలో ముంచి ముఖానికి చుట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ లోపలికెళ్లాడు. నాయనమ్మని భుజాన వేసుకుని వచ్చాడు. ఆవిడ ఆయన వీపు మీద దబదబా గుద్దుతూ, "దించరా, ఇప్పుడే పోతోంది దిష్టి" అంటోంది.

అరుగు మీద కూలబడి, కళ్ల నీళ్లు కారుతుండగా బాబాయి పడీపడీ నవ్వాడు. "అక్కడా ఇంతేనమ్మా. పొగలో నేలకి ఆనుకుని పాకాలి. చేతికి దొరికినవాణ్ణి పట్టుకుని లాగాలి. కాకపోతే అక్కడ నన్నెవరూ గుద్దలేదు" అన్నాడు.

"భయం వేయలేదా బాబాయ్?"

"వేసింది. ఇందాక అమ్మ కనపడనప్పుడు వేసినంత."

ఆ మాట రాసుకుంటుంటే నా కళ్లూ నిండాయి, అది మిరప ఘాటు కాదు. కథ అచ్చయింది, ఉద్యోగం నిలబడింది. అందులో "గాలికి తలుపు మూసుకుపోవడంతో" అని ఒక ముక్క రాశాను. ఇప్పటికీ ఆ కాగితం తీసి చదువుకుంటే అది రాసిన ఆ అమ్మాయి మీద నవ్వూ, కాస్త జాలీ కలుగుతాయి. ఆ పొద్దున మా ఊళ్లో ఆకు కూడా కదల్లేదండీ.