బాపు ఆపిన బండి

మా ఇంట్లో బస్సెక్కడమంటే నామోషీ. మా బాపు రైల్వేలో ట్రాక్‌మన్. కామారెడ్డి దగ్గర కొన్ని కిలోమీటర్ల పట్టాలు ఆయన గ్యాంగు చేతిలో ఉంటాయి. రైలు పోయే ఊరికి ఇంట్లో ఎవరైనా బస్సులో పోతే రెండు రోజులు ముభావంగా తిరిగేవాడు. ఎల్లారెడ్డికి రైలు లేదు కాబట్టి అమ్మ పుట్టింటికి మాత్రం మినహాయింపు. మా మేనమామ ఈ సంగతి మీద బాపును ఏడిపించని పండుగ లేదు.

ఆ ఏడాది వానలు వదిలిపెట్టలేదు. కామారెడ్డి దాటాక ఒకచోట వాగు పొంగి, పట్టాల కింది మట్టికట్టను కోసుకుపోయింది. పట్టాలు మాత్రం బట్టలారేసే తీగల్లా గాల్లో వేలాడాయి. బాపు నాలుగు రోజులు ఇంటికి రాలేదు. అమ్మ అన్నం డబ్బా పంపితే ఖాళీది తిరిగొచ్చేది, మాకు అదే ఆయన క్షేమ సమాచారం. ఐదో రోజు సాయంత్రం ఒళ్లంతా బురదతో వచ్చి, "లైను తయారైంది. రేపు పొద్దున బండి పోతది" అన్నాడు.

సరిగ్గా ఆ మర్నాడే హైదరాబాదులో నా సర్టిఫికెట్ల పరిశీలన. మూడేళ్లు చదివి తెచ్చుకున్న టీచరు ఉద్యోగం. ఒంటిగంటలోపు కనబడకపోతే నా తరువాత ఉన్నవాళ్లను పిలుస్తారు. రోడ్లు కూడా దెబ్బతిన్నాయని, చుట్టు తిప్పి తీసుకుపోవడానికి మామ పొద్దున్నే ఎల్లారెడ్డి నుంచి కారేసుకొని వచ్చాడు.

"బావా, పిల్లను నా కారుల పంపు. ఎట్లనో గట్ల తోల్కపోత" అన్నాడు మామ.

"మేం బాగుజేసిన లైను మీద మా బిడ్డనే పోకుంటే ఇంకెవలు పోతరు?" అని బాపు టిఫిను డబ్బా పట్టుకొని డ్యూటీకి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. అయినా ఫైలు చంకన పెట్టుకొని స్టేషనుకే నడిచాను. ఎంతైనా నేనూ ఆ ఇంటి పిల్లనే.

ఎనిమిదికి రావలసిన బండి తొమ్మిదిన్నరకీ లేదు. అప్పటికి చుట్టుదారిన కారులో పోయినా అందని పరిస్థితి. నా వెంట వచ్చిన మామ బాపుకు ఫోను చేసి, నాకూ వినబడేలా స్పీకరు పెట్టాడు. "పట్టాలు బాగైనయంటివి. మరి బండేది బావా?"

"బండి నిన్న హైదరాబాదు దిక్కు నుంచి రావాలె గద. లైను లేకుంటే వేరే దారిన మళ్లించిండ్రు. ఇప్పుడది ఆడికెల్లి తిరిగి రావాలె. డ్రైవరు డ్యూటీ గంటలు ఒడిసినయి, ఇంకొకాయన ఎక్కాలె. పట్టాలు అతికిస్తెనే అయితదా?"

"గీ ముచ్చట పొద్దున జెప్పాలె!"

"నువ్వు అడిగినవా?" అని బాపు ఫోను పెట్టేశాడు.

బండి పదింటికి వచ్చింది. కిటికీ పక్కన కూర్చొని లెక్క వేసుకున్నాను, ఇకనుంచి ఆగకుండా పోతే అందుతాను. కొంతదూరం పోగానే బండి వేగం తగ్గి మెల్లగా నడవసాగింది. తరువాత ఆగింది. తలుపు దగ్గరికి పోయి తొంగి చూస్తే ముందర ఎర్రజెండా. పట్టుకున్నది మా బాపే.

ఎందుకో నాకు తెలుసు. మాకంటే ముందు బరువైన గూడ్సుబండి ఒకటి పోయింది. అలా బండి పోయినప్పుడల్లా బాపు గడ్డపారతో పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపర్లను ఒక్కొక్కటే తడుతూ నడుస్తాడు. కింద కంకర నిండుగా ఉంటే ఒక చప్పుడు, ఖాళీ ఉంటే డొల్ల చప్పుడు. "కొత్తగ ఏసిన ఒడ్డు, మొదటి తడికే మడి నిండ నీళ్లు పెడితే ఆగుతదా? మెల్లమెల్లగ అలవాటు జెయ్యాలె" అనేవాడు. ఆ రోజు ఎక్కడో డొల్ల చప్పుడు విన్నాడన్నమాట. తెలిసినా కోపం ఆగలేదు. ఆ బండిలో నేనున్నానని ఆయనకు తెలియదా?

పది నిమిషాలు గడిచాయి, ఇరవై అయ్యాయి. గ్యాంగు వాళ్లు కంకర పోసి కుక్కుతున్నారు. నా వెనక నిలబడ్డ పెద్దమనిషి పళ్లు కొరికాడు. "సర్కారు జీతం తినుకుంట ఎట్ల నిలబడ్డరో సూడు. నాలుగు రాళ్లు ఎయ్యనీకి గింతసేపా?"

నిజం చెప్పాలంటే అలాంటి మాటే నా నోట్లోనూ ఉంది. ఇంకొకరు అనేసరికి మాత్రం నిప్పు తొక్కినట్టయింది.

"జెండా పట్టుకున్నాయన మా బాపు. కింద కంకర కూసోలేదు, గందుకే ఆపిండు. అంత తొందరుంటే దిగి నడువు!"

పెద్దమనిషి ఏదో గొణిగి సీట్లోకి పోయాడు.

నలభై నిమిషాలకు పచ్చజెండా ఊగింది. బండి మనిషి నడకతో బాపు పక్కనుంచే పోయింది. చేయి చాస్తే అందేంత దగ్గర. ఆయన నా వైపు చూడలేదు, చక్రాలు ఎలా పోతున్నాయో చూస్తున్నాడు. గర్వంతో నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ క్షణాన ఉద్యోగం గుర్తులేదు.

పరుగెత్తుకుంటూ ఆఫీసు చేరేసరికి ఒకటీ ఇరవై. గుమస్తా కాగితమిచ్చి, ఆలస్యానికి కారణం రాయమన్నాడు. "పట్టాల కింద కంకర సరిచేయడానికి మా తండ్రి, ట్రాక్‌మన్, రైలు ఆపినందువల్ల ఆలస్యమైంది" అని రాశాను. అతను చదివి కంగారుపడ్డాడు. "రైలు లేటని రాయమ్మా, సరిపోతుంది." నేను మార్చనన్నాను.

లోపల అధికారి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "ఎంతసేపు ఆపాడు?"

"నలభై నిమిషాలు సార్."

"సర్టిఫికెట్లు ఇవ్వండి" అన్నాడు.

సాయంత్రం ఫోనులో బాపుకు అంతా చెప్పాను. ఉద్యోగం మాట విని ఊపిరి పీల్చుకున్నాడు, కాగితం మాట వినగానే బెదిరిపోయాడు.

"గట్ల ఎందుకు రాసినవ్ బిడ్డా? మా పెద్ద సార్లకు తెలుస్తే?"

"తెల్వనీ బాపూ. తెల్వాల్ననే రాసిన."