జొన్నపిండి సంచితో కరీంనగర్ దాకా

నేను కరీంనగర్ బయల్దేరేనాటికి నా కొడుకు రాజన్న పోయి నలభై రోజులు దాటింది. మా ఊరు ఇచ్చోడకు ఆరు మైళ్ళు. అంతా నల్లరేగడి, పత్తీ జొన్నా తప్ప పెద్దగా వేరే పంట లేదు. పత్తికి మందు కొట్టాలని బండి కట్టుకుని చేనుకు వెళ్ళినవాడు అక్కడే గుడిసెలో ఉండి, తన రొట్టెలు తనే చేసుకుని తిన్నాడు. మూడు రోజులు బాగానే ఉన్నాడు. నాలుగో రోజు మధ్యాహ్నం తిన్న కాసేపటికే కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పోయాడు. వాడికి ఇరవై రెండేళ్ళు. కడుపులోది హైదరాబాదుకు పంపి చూపిస్తే ఎండ్రిన్ అని తేలింది, పత్తి పురుగుకు కొట్టే ఆ మందే. తనే తాగాడని పోలీసులు కాగితం రాసేశారు. మా వాడికి తాగవలసినంత బాధ ఏమీ లేదు, ఆ సంగతి కన్నదాన్ని నాకు తెలుసు. అందుకని నా మనసు కోడలు గంగు మీదికి పోయింది. వాడు తీసుకుపోయిన పిండి విసిరింది ఆమె. అదే పిండి ఇంట్లో మేమూ తిన్నాం, మాకేమీ కాలేదు. అంటే వాడి సంచిలో మాత్రం ఏదో కలిసింది. ఆమె మొగుడితో రెండు మూడుసార్లు పోట్లాడటం నేను చూశాను. నోటికి వచ్చినట్టల్లా ఆమెను అన్నాను. ధర్మపురి నుంచి వాళ్ళ బాపు వచ్చి బిడ్డను తీసుకుపోయాడు.

మా తమ్ముడు నర్సయ్య ఠాణాలో అర్జీ పెడదామన్నాడు. ఇచ్చోడలో సూదులు వేసే కాంపౌండరు ఆపాడు. "ఊకె అర్జీ వెడితె గా పిల్ల జైలుకు వోతది. ఆనక తప్పని తెలిస్తె ఏం జేస్తరు? ముందుగాల పిండి చూపియ్యిండ్రి. కరీంనగర్ కాలేజీల హమీద్ సారని ఉన్నడు, చిట్టీ రాసిస్త" అన్నాడు. సంచిని నేను అప్పటిదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. అడుగున రెండు దోసిళ్ళ పిండితో అట్లాగే దూలానికి వేలాడదీసి ఉంచాను. ఇట్లాంటి పని మీద ఆ దారిన వెళ్ళవలసి వచ్చినవాళ్ళకు తెలియాలని ఇదంతా రాస్తున్నాను. నా చదువు నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఇచ్చోడలో పొద్దున ఆరింటికి బస్సు ఎక్కితే ఎనిమిదికల్లా నిర్మల్ చేరుతుంది. అక్కడ ఆర్మూరు బస్సు పట్టుకోవాలి. ఆర్మూరులో దిగి మెట్‌పల్లి, జగిత్యాల మీదుగా పోయే బస్సులో కూర్చుంటే నేరుగా కరీంనగరే. మూడు బస్సులకూ కలిపి మనిషికి ఆరు రూపాయలు దాటలేదు. నిర్మల్ దాటాక సోన్ దగ్గర గోదావరి వంతెన వస్తుంది. ఎడమ పక్క కూర్చుంటే నీళ్ళు చాలా దూరం కనిపిస్తాయి. నేను సరిగా చూడలేదు, నా చూపంతా ఒళ్ళో ఉన్న సంచి మీదే ఉంది. ఆర్మూరు బస్సులో కండక్టరు వచ్చి, "అవ్వా, గా సంచి పైన ఎయ్యరాదు? పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్" అన్నాడు.

"పిండి బిడ్డా. నా దగ్గర్నే ఉండనీ."

"పిండికి గింత మర్యాదా? అయితె దీనికి గూడ సగం టికెట్ కొడత."

బస్సులో నలుగురు నవ్వారు. ఆయనది తప్పు కాదు, ఆయనకేం తెలుసు. వెంట వచ్చిన నర్సయ్య కోపంగా లేవబోతే నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. మెట్‌పల్లిలో బస్సు చాలాసేపు ఆగింది. ఊరంతా పసుపు కొమ్ముల వాసన. కరీంనగర్ చేరేసరికి మూడు దాటింది. బస్టాండు దగ్గర సత్రంలో ఉండటానికి చోటు దొరుకుతుంది, వంట సామాను ఉంటే పొయ్యి కూడా ఇస్తారు. మేము ఎదురుగా ఉన్న పూటకూళ్ళ ఇంట్లో తిన్నాం. వండే ఆమె, "జొన్నరొట్టె ఎయ్యాల్నా అవ్వా, గరం గరం ఉన్నది" అంది. వద్దమ్మా, అన్నం పెట్టు అన్నాను. ఆ నలభై రోజుల్లో నేను రొట్టె ముట్టలేదు.

మర్నాడు తొమ్మిదింటికి కాలేజీకి వెళ్ళాం. హమీద్ సారు సన్నగా, పొడుగ్గా, చొక్కా నిండా మరకలతో ఉన్నాడు. చిట్టీ చదివి కుర్చీ జరిపి, "కూసో అమ్మా. నేను పోలీసుల మనిషిని గాదు. నేను జూసింది కచేరీల చెల్లదు. నిజం తెలుసుకుందామంటెనే చేస్త" అన్నాడు. అందుకే వచ్చామని, రాజన్న బండి కట్టుకుని చేనుకు పోయిన దగ్గర్నుంచి జరిగిందంతా చెప్పాను.

"ఒకవేళ మీరనుకున్నట్టు రాకపోతె?"

నర్సయ్య, "వస్తది సారూ" అన్నాడు. సారు చిట్టీ మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

ఆ పద్ధతి పేరు థిన్ లేయర్ క్రోమటోగ్రఫీ. మూడుసార్లు చెప్పించుకుని కాగితం మీద రాయించుకున్నాను. అక్కడ పెద్ద యంత్రమేదో ఉంటుందనుకుని వెళ్ళాను. చూస్తే కిటికీ అద్దాన్ని జానెడు పలకలుగా కోసి పెట్టుకున్నాడు. మెత్తటి తెల్లటి పొడిని నీళ్ళతో అట్ల పిండిలా కలిపి, గాజు కడ్డీతో పలక మీద ఒక్క లాగు లాగాడు. గోరంత మందం కూడా లేని పొర పడింది. ముప్ఫై ఏళ్ళుగా గోడలకు సున్నం వేస్తున్న చేతులు నావి, అంత సమంగా నాకు ఎన్నడూ రాలేదు. ఆరబెట్టిన పలకలు పక్కన వరసగా ఉన్నాయి. వెనకటికి ఇదే పని కాగితం మీద చేసేవారట, ఒక్కోసారి పగలంతా పట్టేదట. ఈ పొర మీద గంటలో అయిపోతుందనీ, ఆవగింజంత చుక్క చాలుననీ చెప్పాడు. నూనెల్లో కల్తీ, మిఠాయిల్లో వేసే రంగులు, గోలీల్లో ఉన్న మందు, ఆకుల్లో వేర్లలో ఉన్న సారం, అన్నీ దీని మీదే చూస్తున్నారట. హైదరాబాదులో ఆరు నెలలుండి నేర్చుకుని వచ్చానన్నాడు.

నాకు నమ్మకం కలగలేదని ఆయన గ్రహించినట్టున్నాడు. కలంలోంచి నల్ల సిరా ఒక చుక్క చిన్న పలక అడుగున పెట్టి, కొంచెం ద్రవం పోసిన పచ్చడి జాడీలో నిలబెట్టి మూత పెట్టాడు. దీపం వత్తికి నూనె ఎక్కినట్టు ఆ తడి పలక మీదికి ఎక్కసాగింది. చుక్క కదిలింది. ఎక్కుతూ ఎక్కుతూ నలుపు విడిపోయి నీలం ఒక చోట, ఎరుపు ఒక చోట, పసుపు ఒక చోట నిలబడ్డాయి. నేను లేచి దగ్గరకు వెళ్ళి చూశాను. అట్లాంటి సిరాతోనే నా కొడుకు చావు గురించి కాగితం రాశారు. అందులో ఇన్ని ఉన్నాయని రాసినవాళ్ళకు తెలిసి ఉండదు.

"దేని నడక దానిదమ్మా" అన్నాడు సారు. "ఎండ్రిన్ ఎంత దూరం నడుస్తదో అంతే నడుస్తది. పిండిల ఉన్నా, గుడ్డల ఉన్నా, సీసల ఉన్నా అంతే. మనం ఆపుదామన్న ఆగదు."

సంచి విప్పేముందు దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. అడుగున మిగిలిన పిండి కొంచెం తీసుకున్నాడు. ఇంటి కుండలోంచి నేను వేరుగా మూట కట్టి తెచ్చిన పిండి కొంచెం తీసుకున్నాడు. అంతటితో ఆగుతాడనుకుంటే కత్తెర తెచ్చి సంచి గుడ్డను మూతి దగ్గర ఒక ముక్క, నడుమ ఒక ముక్క, అడుగున ఒక ముక్క కత్తిరించాడు.

"గుడ్డెందుకు సారూ? విషం పిండిల గదా" అన్నాడు నర్సయ్య.

"పిండిల ఉన్నదా అని మీరడుగుతున్నరు. ఎక్కడికెళ్ళి వచ్చిందని నేనడుగుతున్న."

ఒక్కొక్కదాన్నీ పెట్రోలు వంటి ద్రవంలో నానబెట్టి, వడగట్టి, ఆరబెట్టి, ఆ మిగిలినదాన్ని వెంట్రుకంత గాజు గొట్టంతో పలక అడుగున చుక్కలు పెట్టాడు. ఐదు చుక్కలు మావి. ఆరోది, అన్నిటికంటే ముందుది, అసలు ఎండ్రిన్. దానితో పోల్చి చూడాలట. జాడీలో నిలబెట్టాక ముప్పావు గంట కూర్చున్నాం. తీసి చూస్తే పలక మీద ఏమీ లేదు, తెల్లగానే ఉంది. ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అన్నాను. ఆయన నవ్వి, దాని మీద వెండి కలిసిన మందు నీళ్ళు చిమ్మి, కిటికీ బయట ఎండలో పెట్టాడు. "పట్నంల దీనికి దీపం ఉంటది. మా కరీంనగర్ల సూర్యుడే దీపం" అన్నాడు.

ముందు అసలు ఎండ్రిన్ చుక్క పైన బూడిద రంగు మచ్చ వచ్చింది.  సరిగ్గా అంత ఎత్తులోనే సంచిలోని పిండికి నల్లగా మచ్చ వచ్చింది. నర్సయ్య నా భుజం గట్టిగా పట్టుకుని, "జూసినవా అక్కా" అన్నాడు. ఇంటి పిండికి ఏమీ రాలేదు. అడుగు గుడ్డకు అన్నిటికంటే నల్లగా వచ్చింది. నడుమ గుడ్డకు పొగలాగా పల్చగా వచ్చింది. మూతి గుడ్డకు ఎంతసేపు చూసినా రాలేదు. సారు సూదితో మచ్చల చుట్టూ గబగబా గీతలు గీశాడు, ఆలస్యమైతే ఎండకు పలక అంతా నల్లబడుతుందట.

"అమ్మా, ఎవరన్న ఇంట్ల కలిపి పోస్తె మూతికాడ గుడ్డకు గూడ అంటుతది. గిక్కడ అంటలే. గిది కిందికెళ్ళి నానుకుంట మీదికి ఎక్కింది. అందుకే మొదటి మూడు దినాలు మీదిది తిని మంచిగున్నడు. అడుగుకు వచ్చినంక..." అక్కడ ఆగి, నెమ్మదిగా అడిగాడు. "బండిల గీ సంచి కింద ఏముండె?"

మా ఇంట్లో చేనుకు పోయే తిండి అత్త చేతి మీదుగానే పోవాలి. కోడలు విసురుతుంది, కొలిచి మూట కట్టి బండిలో పెట్టేది నేను. ఆ రోజు బండిలో గడ్డి మీద ఎండ్రిన్ డబ్బా ఉంది. పక్క చేను వాళ్ళకు కొంచెం పోసి ఇచ్చాం, మూత వదులైంది. దారిలో గుంతలకు అది ఎగిరి దొర్లుతుందని, కదలకుండా ఉండాలని పిండి సంచి ఎత్తి దాని మీద బరువుగా పెట్టాను. పక్కన దీపానికి గ్యాసునూనె సీసా కూడా ఉంది. పిండి వాసన వేసినా వాడు ఆ నూనె వాసనే అనుకుని ఉంటాడు, చేనుకు పోయిన పిండి ఎప్పుడూ ఆ వాసనే వేసేది.

"ఎండ్రిన్ డబ్బా సారూ" అన్నాను. "నేనే పెట్టిన."

సారు లేచాడు. కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి నా ముందు పెట్టాడు. మచ్చలన్నీ ఒక పల్చటి కాగితం మీద దించి, ఏ చుక్క ఏదో తెలుగులో రాసి ఇచ్చాడు. ఎంత ఇవ్వమంటారని నర్సయ్య అడిగితే, "వద్దు. జర అమ్మను చూసుకో" అన్నాడు.

బయటికి వచ్చాక గేటు దగ్గర నర్సయ్య, "అక్కా, ఎవనికి జెప్పకు. వాడే తాగిండని సర్కారే రాసింది. గా కాగితం ఇక్కడ్నే చింపేద్దాం. అర్జీ గిట్ట ఏం వద్దు, ఊకుందాం" అన్నాడు. వాడు నా మీది ప్రేమతోనే అన్నాడు. నేను కాగితం రవికెలో పెట్టుకుని, "ధర్మపురి బస్సు ఎన్నింటికో అడుగు పో" అన్నాను.

కరీంనగర్ నుంచి జగిత్యాల వచ్చి బస్సు మారితే రెండున్నర మూడు గంటల్లో ధర్మపురి చేరవచ్చు. మేము దిగేసరికి నాలుగైంది. గంగు వాళ్ళ ఇల్లు గోదావరికి పోయే బాటలోనే. వాళ్ళ బాపు గడప మీదే నిలబడి, "ఇంకేమనేటందుకు వచ్చినవ్ వదినె? అనవలసినయన్ని అంటివి గదా" అన్నాడు. లోపలికి రమ్మనలేదు. నేను అడగలేదు. వాకిట్లోనే కాగితం విప్పి, గంగు వినేటట్టు, ఏ చుక్క ఏదో, సంచి ఎవరు పెట్టారో మొత్తం చెప్పాను. గంగు బయటికి వచ్చి కాగితం తీసుకుంది. మచ్చలను కాదు, మూతి గుడ్డ అని రాసి ఉన్న ఖాళీ చోటును వేలితో తడిమి చూసింది.

"నాకెరుకనే అత్తమ్మా" అంది. "మీరు సంచి ఎత్తి పెట్టంగ నేను పక్కనే ఉన్న. మూత వదులున్నది గూడ జూసిన. తర్వాత నాకు గదే అనుమానం వచ్చింది."

"మరి నన్ను ఒక్క మాట అనకపోతివి గద బిడ్డా. నేను నిన్ను అన్ని అంటుంటె."

"అప్పటికె మీరు అన్నం ముట్టక నాలుగు దినాలాయె. గది జెప్తె బతుకరనుకున్న."

వాళ్ళ బాపు గడప మీంచి పక్కకు జరిగాడు.

ఊరికి వచ్చాక నలుగురినీ పిలిచి కూర్చోబెట్టి, ఎక్కడెక్కడ గంగును అన్నానో అక్కడక్కడల్లా తప్పు నాదేనని నా నోటితోనే చెప్పాను. ఆమె పత్తి ఏరే నాటికి వచ్చింది, ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఉండమని నేను అడగలేదు, పొమ్మని అనే హక్కూ నాకు లేదు. రాజన్న ఏ పలక మీదా తిరిగి రాడు. అయినా ఆ కిటికీ అద్దాన్నీ, తెల్లటి పొడినీ తలచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. అది ఏడ్చేవాళ్ళను చూసి జాలిపడలేదు, గట్టిగా అరిచేవాళ్ళకు భయపడలేదు. నేను ఒకరి పేరు మోసుకుని వెళ్ళాను, అది ఇంకొకరి పేరు చూపించింది. నలభై రోజులు నేను చేయలేని పనిని ఆ సారు ఒక్క పూటలో, గొంతు ఎత్తకుండా చేశాడు.

మీరు వెళ్ళవలసి వస్తే మబ్బు లేని రోజు చూసుకుని బయల్దేరండి, పలక మీద మచ్చలు తేలడానికి ఎండ కావాలి. ఇంకో మాట. ఎవరి మీద అనుమానం ఉందో ఆ మనిషిని కూడా వెంట తీసుకుపోండి. మచ్చలు పైకి తేలేటప్పుడు ఆ మనిషి మీ పక్కన కూర్చుని ఉండాలి. నేను తీసుకుపోలేదు.