నాన్న కాళ్లు విన్న డప్పు

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో మా నాన్న కాళ్లు ఆయన మాట వినడం మానేశాయి. నోరు మాత్రం బాగానే పనిచేసేది. ఆయన గుంటూరు మనిషి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఏళ్ల తరబడి అకౌంట్స్ చెప్పారు. పార్కిన్సన్స్ వచ్చాక, గుమ్మం దగ్గరికి రాగానే పాదాలు నేలకి అతుక్కుపోయేవి. అక్కడే నిలబడి రాష్ట్రం ఎందుకు సమైక్యంగా ఉండాలో పాఠం చెప్పేవారు. వినక తప్పేది కాదు, దారికి అడ్డంగా ఉన్నది ఆయనే కదా.

ఎదురు చెప్పేవాడు కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు ఒక్కడే. పోచంపల్లి నుంచి వచ్చి కొత్తపేటలో చీరల దుకాణం పెట్టుకున్నాడు, ఉద్యమమంటే ప్రాణం పెట్టేవాడు. రోజూ మెట్ల దగ్గర ఇద్దరూ వాదించుకునేవారు. మెట్లు దిగడం కన్నా ఆ వాదనే నాన్నకి ఎక్కువ వ్యాయామం.

మందులు వాడుతున్నా కాళ్లు ఆగిపోవడం తగ్గలేదు. డాక్టరు మమ్మల్ని ఎల్బీనగర్‌లో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. ఆమె దగ్గర ఒక నల్ల కళ్లజోడు ఉండేది. దాని అంచున చిన్న లైట్లు మిణుకుమిణుకుమనేవి, అదే లయలో చెవుల్లో టిక్కు టిక్కుమని శబ్దం వచ్చేది. మెదడులో అడుగుకి తాళం వేసే భాగం నీరసపడిందనీ, బయటి నుంచి తాళం అందిస్తే కాళ్లు దాన్ని పట్టుకుంటాయనీ ఆమె చెప్పింది. జబ్బు దీంతో పోదు, మందులు మానొద్దు అని కూడా చెప్పింది.

ఆ కళ్లజోడులో నాన్న సీరియల్ లైట్లు చుట్టిన పాన్ డబ్బాలా ఉన్నారు. నేను నవ్వు ఆపుకోలేక బయటికెళ్లి, ఆపుకుని మళ్లీ వచ్చాను. ఆయన కాస్త నడిచారు. పరీక్ష హాల్లో గడియారం విన్నట్టుంది, నిద్రొస్తోందని కళ్లజోడు తీసేశారు. తాళం నిలకడగా ఉంటే చాలు, మీకు నచ్చింది ఏదైనా వినండి అంది ఆమె. ఇంట్లో భజనలు పెట్టి చూశాను. నడక మానేసి పాడేవాళ్ల ఉచ్చారణ దిద్దడం మొదలుపెట్టారు.

ఒకరోజు క్లినిక్ నుంచి వస్తూ రోడ్డు దాటుతున్నాం. మా వీధి అవతలి వైపే. సరిగ్గా నడిరోడ్డు మీద ఆయన పాదాలు ఆగిపోయాయి. అటు నుంచి జెండాలతో, డప్పులతో తెలంగాణ ఊరేగింపు వస్తోంది. చెయ్యి పట్టి లాగాను, బతిమాలాను, కదల్లేదు. డప్పులు మమ్మల్ని చుట్టుముట్టాయి. అంతే, ఆయన కుడి కాలు లేచింది, తర్వాత ఎడమ కాలు. నా చెయ్యి వదిలించుకుని, జబ్బుకు ముందు నడిచినట్టు, చేతులు ఊపుకుంటూ ఊరేగింపుతో పాటు వెళ్లిపోయారు. మా వీధి కూడా దాటిపోయారు.

ముందు వరుసలో ఉన్న ఇంటి ఓనరు వెనక్కి తిరిగి చూశాడు.

"సార్, మీరెట్ల ఒచ్చిండ్రు?"

"నేను దీనికి రాలేదండీ. ఇంటికెళ్తున్నాను."

"ఇల్లు ఎనకనే పోయింది సార్. పోనీయుండ్రి, మంచిగ నడుస్తున్నరు."

ఆ సాయంత్రమే ఓనరు తన ఫోన్లో రికార్డు చేసిన డప్పు మోతను నా ఫోన్లోకి పంపించాడు. పాట లేదు, వట్టి దరువే. కానీ మధ్యలో ఎవరో గొంతు చించుకుని "జై తెలంగాణ" అన్నారు. ఆ ముక్క కత్తిరించమని నాన్న పట్టుబట్టారు. కత్తిరించడం నాకు రాదు, ఓనరుకి వచ్చినా చేసేవాడు కాదు. దాంతో మా నాన్న రోజూ పొద్దున్నే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ నినాదం వింటూ వరండాలో నడిచేవారు. నడిచి వచ్చి, సమైక్య రాష్ట్రం గురించి మాట్లాడేవారు. ఫిజియోథెరపిస్టు ఆయన నడక చూసి ఆ రికార్డు తనకూ పంపమంది.

తుర్కయంజాల్ దగ్గర ఫంక్షన్ హాల్లో మా బాబాయి కూతురి పెళ్లి. గుంటూరు చుట్టాలంతా దిగారు. అక్షింతలు వేయడానికి వేదిక మెట్టు దగ్గరికి వెళ్లి నాన్న ఆగిపోయారు. నేను కంగారుగా ఫోన్ తీసేసరికి ఇయర్‌ఫోన్ పిన్ను ఊడింది. హాలంతా డప్పు మోగింది, దాని వెనకే నినాదం. భోజనాల దగ్గర వడ్డన కూడా ఆగింది. నాన్న మాత్రం ఆగలేదు. చకచకా మెట్లెక్కి, అక్షింతలు వేసి, అదే జోరులో దిగారు.

బాబాయి ముఖం కందగడ్డలా ఉంది. "ఏంటన్నయ్యా ఇది, నువ్వు కూడానా?" అన్నాడు.

"ఇది మందురా. రుచి చూసి వేసుకుంటామా?" అన్నారు నాన్న.

నాకు ఆ క్షణంలో ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. చుట్టాల ముందు బాగోదని ఊరుకున్నాను.

రాష్ట్రం వచ్చిన రోజు ఓనరు లడ్డూలు తెచ్చాడు. నాన్న చరిత్ర తప్పు చేసిందని రెండు నిమిషాలు చెప్పి, రెండు లడ్డూలు తిన్నారు. మరికొన్నేళ్లు ఆ దరువుతోనే కూరల కోసం రైతుబజారుకి వెళ్లొచ్చారు. తర్వాత జబ్బు ముదిరింది, ఏ తాళమూ పనిచేయలేదు. మంచం పట్టాక ఓనరే పైకి వచ్చి కూర్చునేవాడు. రాజకీయాలు పక్కనపెట్టి ఇద్దరూ నా వంట గురించి ఏకాభిప్రాయానికి వచ్చారు, సాంబారులో ఉప్పెక్కువని.